ఫ్యాను ఆపి ఊపిరి విన్న డాక్టరుగారు

"టీచరుగారూ, ఎల్లుండి మీరు రానక్కర్లేదండి" అని ఆస్పత్రి నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. కాఫీ గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది. నేను బళ్లో గంట ప్రకారం బతికిన మనిషిని, వాయిదాలంటే నాకు పడదు. "మళ్లీ ఎప్పటికి మార్చారమ్మా? ముందే చెబితే ఆటో మాట్లాడుకోను కదా" అని కాస్త గట్టిగానే అన్నాను. అవతల ఏడుపు వినబడింది. "మార్చలేదండి. డాక్టరుగారు పోయారండి. నిద్దట్లోనే అండి. గుండె ఆగిపోయిందంటన్నారండి."

పొయ్యి కట్టేశాను. వసారాలోంచి మావారు "ఎవరు? ఏమైంది?" అని అడుగుతూనే ఉన్నారు. నాకు నోరు పెగల్లేదు. నాకు మాట రాకపోతే మా ఇంట్లో ఇద్దరికి కష్టం. ఆ సంగతి ముందు చెబితే గాని డాక్టరుగారు మాకు ఏమవుతారో మీకు తెలియదు.

మావారు ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. గ్లకోమా మెల్లగా వచ్చి రెండు కళ్లూ తీసుకుపోయింది. అప్పటి నుంచి ఆయనకు పేపరు నా గొంతులోంచే వస్తుంది. పొద్దున్నే బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతో చదవాలి, ఆ తరవాతే మిగతా లోకం. టీవీ పెట్టుకోమంటే "వాళ్లు అరుస్తారు, చదవరు" అంటారు. ఆయన వినడమంటే ఊరికే వినడం కాదు. ప్రతి వార్తకీ ఒక అభ్యంతరం ఉంటుంది. నేను చదువుతాను, ఆయన తగువు పెట్టుకుంటారు, నేను ఆ తగువుకు జవాబు చెబుతాను. కళ్లు పోయాక మా కాపురం చాలావరకు ఇలాగే సాగింది, బాగానే సాగింది.

అరవై దాటాక నా ఊపిరి చిన్నదవడం మొదలైంది. మొదట మెట్ల దగ్గర, తరవాత బట్టలు ఆరేసే దగ్గర, ఆఖరికి పేపరు దగ్గర. సగం వార్తలో ఆగిపోయేదాన్ని. "ఊఁ, ఆ తరవాత?" అని ఆయన అడిగేవారు. ఆ తరవాత ఏముందో నాకు కనబడుతూనే ఉండేది, చెప్పడానికి గాలి ఉండేది కాదు. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశారు. హెడ్డింగులు చాల్లే, లోపల ఏముంటుందిలే అనేవారు. జీవితంలో ఒక్క వార్తనూ లోపలికంటా వెళ్లకుండా వదలని మనిషి అలా అంటుంటే నాకు ఏడుపొచ్చేది.

మా ఊళ్లో అందరికీ నా జబ్బు పేరు తెలుసు: చాక్‌పీసు పొడి. అన్నేళ్లు బోర్డు తుడిచాక ఊపిరితిత్తుల్లో సున్నం పేరుకుపోదా మరి! ఒక డాక్టరు ఆస్తమా అని పీల్చే మందు ఇచ్చారు. ఇంకొకరు టీబీ అని మందులు రాస్తే ఆ కోర్సంతా మింగాను. మూడో ఆయన నా వయసడిగి, "ఈ వయసులో ఆయాసం మామూలేనమ్మా" అన్నారు. బరువు తగ్గింది, నిద్ర తగ్గింది, ఆయాసం మాత్రం తగ్గలేదు. చర్చిలో ఆడవాళ్ల కూడికలో నా కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారంటే, ఆశ వదిలేసుకున్నారన్నమాట.

రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరుగారి దగ్గరకు ఆఖరి ప్రయత్నంగా మావారూ నేనూ వెళ్లాం. మండే ఎండాకాలం. గదిలోకి వెళ్లగానే ఆవిడ అన్న మొదటి మాట, "ఫ్యాను ఆపమ్మా." నర్సమ్మ ఫ్యాను ఆపి, వీధి హారన్లు వినబడకుండా కిటికీ మూసింది. నలుగురికీ చెమటలు కారుతున్నాయి. డాక్టరుగారు కళ్లు మూసుకుని నా వీపు మీద స్టెతస్కోపు చోటు మార్చి మార్చి పెడుతూ, తొందర లేకుండా విన్నారు. అన్ని ఆస్పత్రులు తిరిగాను గాని నా ఊపిరిని అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

మావారు తన ధోరణిలో మొదలుపెట్టారు. "ఆస్తమా అండి, బళ్లో చాక్‌పీసు పొడి వల్ల..."

ఆవిడ కళ్లు తెరవకుండానే అడిగారు. "ఊపిరి ఆవిడదా, మీదా అండి?"

"ఆయ్, ఆవిడదేనండి."

"అయితే ఆవిడని చెప్పనివ్వండి."

పెళ్లయిన నాటి నుంచి ఆయన నోరు అంత తేలిగ్గా మూయించిన మనిషిని నేను చూడలేదు. ఆవిడ నాకు అక్కడే నచ్చేశారు.

ఆ తరవాత "ఏంటి బాధ?" అని అడుగుతారనుకున్నాను. ఆవిడ అలా అడగలేదు. "ఏ పని ఆగిపోయిందండి?" అన్నారు. ఆ ప్రశ్న ఆవిడ ప్రతివారినీ అడిగేవారని తరవాత తెలిసింది. ఒకావిడ పిండి రుబ్బడం ఆగిందనేది, ఒకాయన సైకిలు తొక్కడం ఆగిందనేవాడు. నేను పేపరు చదవడం ఆగిందన్నాను. బయట కూర్చునే గదిలోంచి పేపరు తెప్పించి నా చేతికిచ్చి "చదవండి" అన్నారు. చదివాను. ఎక్కడ ఆగితే అక్కడ పక్కనుంచి పెన్సిలుతో గీత పెట్టుకున్నారు. "మనిషి చుక్క దగ్గర ఆగాలండి, మాట మధ్యలో కాదు" అన్నారు. తెలుగు టీచరుకు ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు?

స్కాన్ తీయించారు. ఫిల్ము వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, "ఇది ఆస్తమా కాదండి, టీబీ కాదు. మరేంటో నాకూ ఇంకా తెలీదు. తెలిసినవాళ్లని అడుగుతాను" అన్నారు. తెలీదు అని పైకి చెప్పిన డాక్టరు కూడా నాకు ఆవిడే మొదలు. మావారికి గాభరా పుట్టింది. నాకు మాత్రం ఎందుకో ధైర్యం వచ్చింది. తెలీదనే పిల్లలే ఏదో ఒక రోజున నేర్చుకుంటారని బళ్లో చూసినదాన్ని కదా.

తరవాత పొట్ట స్కాన్ కూడా తీయించమన్నారు. "ఊపిరి కోసం వస్తే పొట్టతో పనేంటండి?" అన్నాను.

"దొంగ వీధిలో దొరక్కపోతే పెరట్లో వెతకాలి కదండి" అన్నారు.

దొరికింది. కిడ్నీ మీద చిన్న కొవ్వు గడ్డ ఉంది. ఎన్నడూ నొప్పి పెట్టలేదు, ఉన్నట్టే తెలియదు. ఊపిరితిత్తుల్లో గాలి బుడగలు, కిడ్నీ మీద ఆ గడ్డ, రెండూ కలిపి చూస్తే జబ్బు పేరు తేలింది. లామ్ అంటారట. మావారు "ఇంత అరుదైన జబ్బుకి ఇంత పొట్టి పేరేంటండి?" అన్నారు. పూర్తి పేరు చెప్పమంటారా అని ఆవిడ చెప్పడం మొదలుపెడితే సగంలోనే వద్దులెండి అన్నారు.

"పెనం మీద అట్టు వేస్తే చిల్లులు పడతాయి చూశారా?" అని ఫిల్ము మీద వేలు పెట్టి నాకు చూపించారు. "అలా గుండ్రంగా, పల్చటి గోడలతో గాలి బుడగలు. ఇలాంటివి చుట్టల వల్ల రావు, చాక్‌పీసు వల్ల అసలే రావు. వయసులో ఉన్న ఆడవాళ్లకి వస్తుందని పుస్తకాల్లో ఉంటుందండి. మీ వయసు చూసి అందరూ ఆ పేజీ తిప్పేశారు. నేనూ తిప్పేసేదాన్నే. నాకు చదువు చెప్పిన మేడమ్‌కి మీ స్కాన్ పంపిస్తే, వయసు సంగతి పక్కన పెట్టి బొమ్మ చూడమన్నారు."

"నయమవుతుందా అండి?" అని అడిగాను.

ఆవిడ కుర్చీ నా దగ్గరకు జరుపుకున్నారు. "పోయినదాన్ని తేలేనండి. ఉన్నదాన్ని పోనివ్వకుండా చూస్తాను. ఇంకో మాట. చిన్న వయసులో వచ్చినవాళ్లకి ఇది తొందరగా ముదురుతుంది. మీ వయసులో సాధారణంగా మెల్లగా నడుస్తుంది. అరవై దాటినందుకు ఎప్పుడైనా సంతోషించారా? ఇప్పుడు సంతోషించండి."

నేను అక్కడే ఏడ్చేశాను. భయంతో కాదు. ఇన్నేళ్లకు నా జబ్బుకొక పేరు దొరికింది, ఆ పేరు ముసలితనం కాదు.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వేసుకునే మాత్ర ఒకటుంది, సిరోలిమస్ అని. నాకు అది మొదలుపెట్టారు. అది రక్తంలో ఎంత ఉందో పరీక్ష చేయించి చూసుకుంటూ ఉండాలి. తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే ఒళ్లు చెడుతుంది. దాంతోపాటు జాగ్రత్తలు బోలెడు. పొగ దగ్గరకు పోకూడదు, జలుబు చేసినవాళ్లకు దూరంగా ఉండాలి, టీకాలు వేయించుకోవాలి, రోజూ ఓపికున్నంత నడవాలి. వేలు చూపించి మరీ చెప్పినది ఒకటుంది. "ఉన్నట్టుండి ఛాతీలో పొడిచినట్టు నొప్పొచ్చి ఆయాసమైతే, గ్యాసని గోళీసోడా తాగి కూర్చోకండి. బుడగ పగిలి ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉండొచ్చు. ఎంత వేళప్పుడైనా సరే వచ్చేయండి." మా వైపు మనుషుల సంగతి ఆవిడకు బాగా తెలుసు. గుండెపోటుకైనా ముందు సోడాయే కొడతాం.

చర్చివాళ్లు ప్రార్థన చేస్తున్నారని చెబితే "చేయించుకోండి, మంచిదే. మాత్ర వేసుకుని మరీ చేయించుకోండి" అన్నారు.

వేసవి గడిచి గోదావరికి కొత్తనీరు వచ్చేసరికి నాలో తేడా తెలిసింది. పేపరు మొదటి పేజీ దాటి లోపలికి వెళ్లాను. మావారు మళ్లీ వార్తలతో తగువు మొదలెట్టారు. కాలవలకు నీళ్లు ఆలస్యంగా వదిలారని ఒకరోజు ఆయన అధికారులను తిట్టిన తిట్లు విని పక్కింటివాళ్లు మా ఇంట్లో గొడవనుకున్నారు. నాకు అది ఎంత ఆనందమో చెప్పలేను.

అక్కడితో కథ సుఖాంతమైతే నేనీ నాలుగు మాటలు ఇంత పొడుగున రాయనక్కర్లేదు. వర్షాలు ముదిరాక నోరు పూసింది. మొదట ఒక పుండు, తరవాత నాలుక నిండా, పెదవుల లోపల కూడా. కాళ్లు వాచాయి. రక్తపరీక్ష చేస్తే మందు ఉండాల్సినదాని కంటే చాలా ఎక్కువగా ఉంది. డాక్టరుగారు మోతాదు తగ్గించారు. మళ్లీ పరీక్ష చేస్తే ఇంకా ఎక్కువగానే ఉంది. మళ్లీ తగ్గించారు. నోరు మాత్రం అలాగే ఉంది. నేనేమైనా మాత్రలు రెండేసి వేసుకుంటున్నానేమోనని డబ్బా తెప్పించి చూశారు. లెక్క సరిగ్గానే ఉంది.

ఈసారి ఊపిరి ఉంది, మాట్లాడటానికి నోరు లేదు. మా ఇల్లు మళ్లీ మూగబోయింది. మావారు ఉదయం పేపరు మడత విప్పకుండానే ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. కాగితం వాసన చూసేవారు. అది చూస్తూ వంటింట్లో నిలబడటం నాకు ఆయాసం కంటే కష్టంగా ఉండేది.

ఒకరోజు డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పేశారు. "ఇలా అయితే ఈ మందు మీ ఒంటికి పడలేదనుకోవాలండి. వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే ఆపేయాలి." ఆపేస్తే ఏమవుతుందని నేను అడగలేదు. ఆపితే ఊపిరి మళ్లీ జారిపోతుంది, నాకు తెలుసు. ఆవిడ కూడా చెప్పలేదు. ఆ రోజు నన్ను గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

ఇక్కడ ఆవిడ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి దగ్గరా బహుమతులు తీసుకునేవారు కాదు. ఆత్రేయపురం నుంచి ఎవరైనా పూతరేకులు తెస్తే పెట్టె అక్కడే విప్పించి, బయట కూర్చున్నవాళ్లకు పంచేసేవారు. "కొన్నది వద్దండి. ఇంట్లో కాసిందైతే తెండి" అనేవారు. అందుకని ఆవిడ గది మూల ఎప్పుడు చూసినా సంతలా ఉండేది. ములక్కాడలు, గుమ్మడికాయ, కరివేపాకు మండలు, ఒకసారి ఏకంగా అరటిగెల.

మా పెరట్లో పంపరపనస చెట్టుంది. ఆ ఏడు విరగకాసింది. ఆ మందు తీసుకోవడం ఆఖరనుకుంటూ వెళ్లిన రోజున, ఆవిడకు నేనివ్వగలిగింది ఇంకేముంది అనిపించి, మంచివి రెండు కాయలు కోయించి సంచిలో వేసుకెళ్లాను. గదిలోకి వెళ్లి బల్ల మీద పెట్టాను. ఆవిడ అప్పటికే తల వంచుకుని చీటీ రాస్తున్నారు. మందు ఆపేస్తున్నట్టు రాస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. తలెత్తి కాయల వంక చూశారు. చూసి, పెన్ను కింద పెట్టేశారు.

"టీచరుగారూ, ఇవి మీ పెరట్లోవేనా?"

నోటి పుళ్ల వల్ల నేను తలూపాను. మావారు అందుకున్నారు. "మా చెట్టువేనండి. తేనెలా ఉంటాయండి."

ఈసారి ఆవిడ ఆయన నోరు మూయించలేదు. "ఈవిడ కూడా తింటున్నారా?"

"ఎందుకు తినదండి? మందు వేడి చేసి నోరు పూసింది కదండి. చలవ చేస్తుందని మూడు పూటలా నేనే ఒలిపించి తినిపిస్తన్నాను. నోరు ఎంత పూస్తే అంత ఎక్కువ పెడతన్నానండి."

డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని నేను లేచాను. నవ్వుతున్నారు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

"తప్పు మీది కాదండి, నాది. ఈ మందు వేసుకునేవాళ్లు తినకూడని పండొకటుంది. నిమ్మజాతిదే. అది తింటే ఒంట్లో మందు ఖర్చవదు, పేరుకుపోతుంది. విదేశాల్లో పండుతుంది. మన సంతలో దొరకదు కదా, చెప్పడమెందుకని ఊరుకున్నాను. ఆ పండుకి తల్లి ఈ పంపరపనసేనండి. కోనసీమలో పుట్టి, ఈ చెట్టు కింద ఆడుకుని పెరిగినదాన్ని. నాకు తట్టలేదు చూశారా."

ఆ చీటీ చించేశారు. కొత్తది రాశారు. మందు పాతదే, పంపరపనస మాత్రం బంద్. మావారి మొహం పాలిపోయింది. పుండుకు మందనుకుని పుండునే పెంచానా అని కుంగిపోయారు. "ప్రేమగా పెట్టారు. మన ఇళ్లల్లో ఎవరైనా అదే పెడతారండి" అని డాక్టరుగారు ఆయన చెయ్యి పట్టుకుని చెప్పారు. మేం కాయలు తీసేసుకోబోతే మాత్రం ఒప్పుకోలేదు. "ఇటివ్వండి. నాకు ఏ మందూ లేదు, నేను తింటాను" అని రెండూ బల్ల కింద పెట్టేసుకున్నారు.

నోరు మానింది. మోతాదు మళ్లీ సర్దారు, మందు అదుపులోకి వచ్చింది. తరవాతిసారి వెళితే బయట గదిలో గోడకు అట్టముక్క ఒకటి వేలాడుతోంది. ఆవిడ స్వహస్తాలతో రాసింది. "పంపరపనస తింటున్నారా? సిగ్గుపడకుండా చెప్పండి." ఆ మందుతో సంబంధం లేని దగ్గువాళ్లు కూడా అది చదివి, మేం తినలేదండి అని ముందుగా ఒప్పుకుని మరీ కూర్చునేవారట. కాకినాడలో డాక్టర్ల మీటింగు జరిగితే ఈ సంగతంతా వేదికెక్కి చెప్పారట. "మీ పేరు చెప్పలేదండి, నా తప్పు మాత్రం చెప్పాను" అన్నారు. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడమే ఎంత కష్టమో టీచరుగా నాకు తెలుసు. తోటివాళ్ల ముందు ఒప్పుకోవాలంటే ఎంత మనసు కావాలి!

ఆ తరవాత ఏళ్లు ప్రశాంతంగా గడిచాయి. గొట్టంలోకి ఊదించి పరీక్ష చేసేవారు. ఆ ఫలితాలన్నీ ఒక గీతగా గీసుకుంటూ వచ్చారు. గీత పైకి లేవదు, కిందికీ పోదు. "ఇలా చప్పగా ఉంటే నాకు పండగండి" అనేవారు. వెళ్లిన ప్రతిసారీ పేపరు చదివించడం మాత్రం మానలేదు. మిషను మాట మిషనుది, నా మాట నాది అని ఆవిడ లెక్క. ఒక్కోసారి వార్త బాగుంటే పరీక్ష అయిపోయినా "ఊఁ, ఆ తరవాత?" అని విని మరీ పంపేవారు. బయట జనం విసుక్కునేవారు.

పోయినేడు ఒకరోజు నాకు ఫోన్ చేశారు. కొవ్వూరులో ఒకావిడకు ఇదే జబ్బు తేలింది. కొడుకులు ఇంటర్నెట్టులో ఏదేదో చదివి ఇల్లంతా ఏడుస్తున్నారట. "నేను చెబితే నమ్మటం లేదండి. డాక్టరు ధైర్యం చెప్పక ఏం చెబుతుందిలే అనుకుంటోంది. మీరు ఫోన్ చేసి మాట్లాడండి."

"నేనేం చెప్పనండి ఆవిడకి?"

"ఏదైనా చెప్పండి. ఏం వండారో చెప్పండి. ఆయాసం లేకుండా మాట్లాడుతుంటే వింటుంది, అంతే చాలు."

చెప్పాను. గోంగూర పచ్చడి సంగతి మొదలుపెట్టి మావారి మీద ఫిర్యాదుల దాకా వెళ్లాను. ఆవిడ అడ్డు రాకుండా విని, ఆఖరున "మీకు ఈ జబ్బు నిజంగానే ఉందాండి?" అని అడిగింది. డాక్టరుగారికి ఈ మాట చెబితే పగలబడి నవ్వారు. ఆ తరవాత వారానికోసారి మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం గాని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నర్సమ్మ ఫోన్ చేసిన కొద్దిరోజులకు డాక్టరుగారి కూతురు కబురు పెట్టింది. "అమ్మ అస్థికలు గోదాట్లో కలుపుతున్నామండి. మీరూ, సారూ తప్పకుండా రావాలి. అమ్మ ఇంట్లో మీ కబుర్లే చెప్పేది." మాది లూథరన్ కుటుంబం, అటువంటి చోట మేమేం చేస్తామని నేను వెనకాడాను. మావారే అన్నారు, "మంత్రాలు వాళ్లు చదువుకుంటారు. మనం రేవులో నిలబడి మన ప్రార్థన మనం చేసుకుందాం. వెళ్లకపోతే మనుషులమేనా?"

రాజమండ్రి రేవులో మెట్లు దిగి నీళ్ల అంచున నిలబడ్డాం. మావారి చెయ్యి నా భుజం మీద ఉంది. అక్కడ ఒకావిడ నా దగ్గరకు వచ్చి, నా మాట విని, "మీరేనా అండి టీచరుగారు?" అంది. కొవ్వూరావిడే. వంతెన దాటి ఒక్కతే బస్సులో వచ్చింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. కుండలో ఉన్నది నీళ్లలో కలిసింది. కూతురు మూడు మునకలు వేసింది. నేను కళ్లు మూసుకుని, ప్రభువా, ఈమెను చేర్చుకో, మా ఊపిరి ఈమె నిలబెట్టినదే అని మనసులో చెప్పుకున్నాను.

తిరిగి పైకి ఎక్కాలి. కొవ్వూరావిడ సగం మెట్లలో ఆగిపోయి కూర్చుండిపోయింది. మేమూ ఆగాం. "ఇక మనల్ని ఎవరు చూస్తారండి?" అంది. ఆయాసంతో అందో దుఃఖంతో అందో గాని ఆ మాట మూడు ముక్కలైంది.

"ఆవిడ దగ్గర పని నేర్చుకున్న చిన్న డాక్టరమ్మ ఉంది కదమ్మా. మన కాగితాలన్నీ చూసిందట, వచ్చే వారం నుంచి తనే చూస్తుంది. మందు ఉంది. నేనున్నాను. తొందరేం లేదు, మెల్లగా ఎక్కుదాం" అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

పైమెట్టు మీదకు చేరాక మావారు నా భుజం మీద చెయ్యి తియ్యకుండానే గోదావరి వైపు తిరిగారు. "చెప్పు. ఏం కనబడుతోంది?" అన్నారు. కొవ్వూరావిడ నా పక్కనే నిలబడి ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నీళ్లు కింద నుంచి నాలుగు మెట్లు ముంచి నిండుగా ఉన్నాయండి, రంగు ఇంకా ఎర్రగానే ఉంది, పడవాయన తాడు చుట్టుకుంటున్నాడు, ఇద్దరాడవాళ్లు చీరలు పిండుకుంటున్నారు, వంతెన మీద గూడ్సు బండి వెళ్తోంది, ఇంజను మన వైపు వచ్చేసింది గాని తోక ఇంకా నది మధ్యలోనే ఉంది, మన డాక్టరుగారి కూతురు తడిచీరతో మెట్ల మీద కూర్చుని నీళ్ల వంకే చూస్తోంది, వదిలిన పూలదండ ఇంకా మునగలేదు, మెల్లగా మన ధవళేశ్వరం వైపే పోతోంది అని చెబుతూ పక్కకు చూశాను. కొవ్వూరావిడ నదిని చూడటం లేదు. నా నోటి వంకే చూస్తోంది.